వార్డెన్ చేతులు చూడండి, వ్యాఖ్యాతను వదిలేయండి

అపలేచియన్ కొండల్లో ఒక చేపల వార్డెన్ (వాగుల్లో చేపలను, చేపల వేటను చూసుకునే ఉద్యోగి) ఏడాది పొడవునా చేసే పని మీద 1950లలో తీసిన అమెరికా డాక్యుమెంటరీ ఇది. అరగంట కూడా ఉండదు. చేపపిల్లలను పొదిగించి పెంచే హేచరీలో పన్నెండేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి నా కళ్లు ముందు అతని చేతుల మీదికే పోయాయి.

పాలక్యాన్లలో తెచ్చిన జానెడేసి ట్రౌట్లను (చల్లని వాగుల్లో బతికే చేపలు) అతను నేరుగా వాగులో కుమ్మరించడు. వాగునీళ్లు ముంచి కొద్దికొద్దిగా క్యాన్‌లో కలుపుతాడు, వేళ్లు పెట్టి చూస్తాడు, మళ్లీ కలుపుతాడు. రెండు నీళ్ల చల్లదనం ఒకటయ్యేదాకా ఆగుతాడు. ఆ కాస్త ఓపిక లేక ఎన్ని చేపలు వెల్లకిలా తేలతాయో మాకు తెలుసు. ఈ సన్నివేశాన్ని కత్తిరించకుండా ఉంచిన ఎడిటర్‌కు దండం పెట్టాలి.

వ్యాఖ్యాత మాత్రం ఊపిరి తీసుకోడు. రెండోసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూశాను, హాయిగా ఉంది. అంత మాట్లాడినవాడు అవసరమైనచోట నోరు విప్పలేదు. వార్డెన్ ఒక కుర్రాడి బుట్టలోని చేపను కొలబద్ద మీద పెట్టి, పొట్టిదని తేల్చి జరిమానా రాస్తాడు. చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టాకే పట్టాలన్నది ఆ కొలత వెనక ఉన్న లెక్క. అది చెప్పకపోవడంతో వార్డెన్ ఉత్త దండనాధికారిలా కనిపిస్తాడు.

ప్రింటు ఎర్రబారిపోయింది కాబట్టి చేపలను మచ్చలను బట్టి పోల్చుకోవలసి వచ్చింది. ఆ కొండవాగుల సొంత చేప బ్రూక్ ట్రౌట్. దానికి ముదురు ఒంటి మీద లేత మచ్చలు, రెక్కల అంచున తెల్లగీత ఉంటాయి. క్యాన్లలోంచి దిగినవాటికి తోకదాకా నల్లచుక్కలే. అంటే అవి రెయిన్‌బో ట్రౌట్లు, పసిఫిక్ వైపు నదులవి. కొత్తగా వచ్చిన ఈ చేప తిండిలోనూ చోటులోనూ పోటీపడి సొంత చేపను పైపాయలకు నెట్టేసిందని ఇప్పుడు అందరికీ తెలుసు. సినిమా దీన్నే సంరక్షణ అంటుంది. ఆ కాలాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. గాలాలు, రీళ్ల మీద పన్ను వసూలుచేసి చేపల పెంపకానికి రాష్ట్రాలకు పంచే డింగెల్-జాన్సన్ చట్టం 1950లోనే వచ్చింది. గాలం వేసేవాళ్ల డబ్బుతో నడిచే పనిలో వాళ్లకు దొరికే చేపకే విలువ ఎక్కువ.

ఒకచోట వంతెన కింద గొట్టంలోంచి నురగ దిగుతుంటుంది. వార్డెన్ ఆగి అటు చూస్తాడు. నాలుగు సెకన్లలో కెమెరా అక్కడినుంచి వెళ్లిపోతుంది. ఆ నాలుగు సెకన్ల కోసం మూడుసార్లు వెనక్కి తిప్పాను, ఈసారి శబ్దం పెంచి. వ్యాఖ్యాత అప్పుడు వసంతం గురించి మాట్లాడుతున్నాడు.