నాలుగు గిన్నెల పళ్లెం: సీఎంటీ కిట్‌తో మూడేళ్లు

మా కొట్టంలో గుంజకు కొట్టిన మేకుకు ఒక తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం వేలాడుతుంటుంది. దానికో పిడి, నాలుగు చిన్న గిన్నెలు. చూసినవాళ్లు పిల్లలు రంగులు కలుపుకునేది అనుకుంటారు. పొదుగువాపును పైకి కనబడకముందే పట్టుకునే సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) కిట్ అది. కొని మూడేళ్లు దాటింది. ఈ లోపల ఒక పళ్లెం విరిగింది, మూడు సీసాల మందు అయిపోయింది. పలమనేరు దగ్గర మా ఊళ్లో ఆవు లేని ఇల్లు తక్కువ. అయినా ఈ పళ్లెం ఉన్న ఇల్లు మాదొక్కటే. అందుకే రాస్తున్నాను.

మాకు ఆరు సంకరజాతి ఆవులు, ఇంట్లో పెరుగుకని ఒక ముర్రా గేదె ఉన్నాయి. ఆవుల్లో గౌరి అని నల్లమచ్చల హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం. మూడో ఈతలో రోజుకు 14 లీటర్లు ఇచ్చేది, ఉన్నట్టుండి 11కి దిగింది. పొదుగు మెత్తగానే ఉంది, వాపు లేదు, వేడి లేదు, పాలలో గడ్డల్లేవు. మేత బాగానే తింటోంది. తేడా మేతలోనే ఉందనుకున్నాను. దాణా మార్చాను, మినరల్ మిక్చర్ పెంచాను, కాల్షియం సీసాలు పట్టించాను. నలభై రోజులు ఇలాగే గడిచాయి. వేరే ఆవుకు చూడి పరీక్ష చేయడానికి వచ్చిన డాక్టరు గారితో మాటల్లో గౌరి సంగతి చెబితే, ఆయన బండి డిక్కీలోంచి ఈ పళ్లెం తీశారు.

మూడు గిన్నెల్లో పాలూ మందూ కలిసి నీళ్లలా తిరిగాయి. కుడి వెనక చన్ను పాలు మాత్రం గుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి, పళ్లెం తిప్పేకొద్దీ మధ్యకు చేరి కుప్పగా నిలబడ్డాయి. “ఎన్నాళ్లయిందయ్యా ఇట్లా?” అన్నారాయన. నేను కాల్షియం సీసాల లెక్క చెప్పాను. ఆయన నవ్వలేదు.

ఆ వారమే సొంత కిట్ తెప్పించుకున్నాను. ఒక రోజు పాల డబ్బు కూడా కాలేదు.

ఇది పనిచేసే తీరు చాలా తేలిక. పొదుగులోకి సూక్ష్మక్రిములు దూరితే వాటి మీదికి రక్తంలోంచి తెల్లకణాలు పాలలోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలలో మిల్లీలీటరుకు సుమారు 2 లక్షల లోపే కణాలుంటాయి. జబ్బు ముదిరితే 50 లక్షలు కూడా దాటుతాయి. సీసాలో ఉండేది ఒక రకం డిటర్జెంటు. అది కణాల పొరను చీలుస్తుంది, లోపలి డీఎన్‌ఏ బయటపడి జిగురు కడుతుంది. కణాలు ఎంత ఎక్కువుంటే జిగురు అంత చిక్కన. ఊదారంగు కోసం అందులో బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు కూడా కలుపుతారు. మామూలు పాలు కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటాయి. జబ్బు చేసిన చన్ను పాలలో ఆ గుణం తగ్గేసరికి ఊదా ముదురుతుంది. షాల్మ్, నూర్‌లాండర్ అనే ఇద్దరు 1957లో కాలిఫోర్నియాలో రూపొందించిన పరీక్ష ఇది. పేరులో మొదటి అక్షరం ఆ రాష్ట్రానిదే. కరెంటు అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు, చదువూ పెద్దగా అక్కర్లేదు.

వాడేటప్పుడు మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, ఆ తర్వాతి పాలు ఒక్కో చన్నుకు ఒక్కో గిన్నెలో పట్టాలి. పళ్లెం వంచితే గీత దాకా మిగిలి, ఎక్కువున్నది కారిపోతుంది. అంతే కొలత మందు పోసి, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ పది సెకన్లు చూడాలి. ఈ సెకన్ల దగ్గరే నేను చాలాసార్లు తప్పాను. లేతగా పడిన జిగురు 20 సెకన్లు దాటితే విడిపోయి మాయమవుతుంది. ఆ లోపల ఫోను మోగినా ఎత్తకూడదు. సాయంత్రం పసుపు బల్బు కింద చూసినా లాభం లేదు, ఊదా రంగంతా ఒకేలా కనబడుతుంది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి, పొద్దున వెలుతురు వచ్చాకే చూస్తున్నాను. పిడి ఎప్పుడూ తోక వైపే పట్టుకుంటాను. మొదట్లో ఎటుబడితే అటు పట్టుకుని, ఏ గిన్నె ఏ చన్నుదో మరిచిపోయి, మళ్లీ మొదటికొచ్చిన రోజులున్నాయి.

అన్నిటికన్నా పెద్ద తప్పు లక్ష్మి విషయంలో చేశాను. ఈనిన మూడో రోజు ఉత్సాహంగా పరీక్ష చేస్తే నాలుగు గిన్నెలూ గడ్డకట్టాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మందుల షాపుకు పరుగెత్తి యాంటీబయాటిక్ ట్యూబులు తెచ్చి నాలుగు చన్నుల్లోకీ ఎక్కించేశాను. తర్వాత డాక్టరు గారికి ఫోన్ చేస్తే తిట్టారు. జున్ను పాలలో కణాలు సహజంగానే ఎక్కువట. ఈనిన మొదటి వారం, వట్టిపోయే ముందు రోజులు ఈ పరీక్షను నమ్మకూడదట. ట్యూబు ఎక్కించాక దాని మీద రాసిన గడువు తీరేదాకా పాలు కేంద్రానికి పోయకూడదు కదా, ఆ పాలన్నీ పారబోశాం. జబ్బే లేని ఆవుకు మందులు వేసి, మంచి పాలు నేలపాలు చేశాను. ఆ తర్వాత నాకు నేను ఒక గుర్తు పెట్టుకున్నాను: నాలుగూ ఒకేలా గట్టిపడితే ఆగి ఆలోచించాలి, ఒకటి మాత్రం తేడాగా ఉంటే కదలాలి.

మా అమ్మకు ఈ పళ్లెం అంటే మొదట గిట్టలేదు. “నలభై ఏళ్లుగా పిండుతున్నా, నా చేతికి తెలీదా?” అనేది. ఆమె పరీక్ష వేరు. వేలితో ఒక బొట్టు నాలుక మీద వేసుకుని “ఉప్పగా ఉండాయిరా” అనేది. ఆ మాటలో నిజముంది. పొదుగు వాచినప్పుడు పాలలో తీపినిచ్చే లాక్టోజ్ తగ్గి, రక్తంలోని ఉప్పు పాలలోకి చేరుతుంది. ఆరు నెలలు పళ్లెం పక్కనే అమ్మ మాటా డైరీలో రాసుకున్నాను. బాగా ముదిరిన చన్నును అమ్మ ప్రతిసారీ పట్టుకుంది. లేతగా జిగురు పడినవి ఆమె నాలుకకు అందలేదు. పచ్చిపాలు అలా నోట్లో వేసుకోవడం మంచిది కాదని చెప్పి మాన్పించాను. నా చాటున వేసుకుంటుందనే అనుమానం ఇప్పటికీ ఉంది.

కానీ గొడవ జరిగింది రుచి దగ్గర కాదు, బొటనవేలు దగ్గర. అమ్మ బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి పిండేది. మా ఊళ్లో సగం మందికి అదే అలవాటు. ఆ నొక్కుడుకు చన్ను లోపలి పొర నలిగి, క్రిములకు చోటు దొరుకుతుంది. అరచేత్తో పిడికిలి పట్టి పిండమంటే అమ్మ ఒప్పుకోలేదు. చివరికి మాట కన్నా పళ్లెమే గెలిచింది: ఆమె పిండే రెండు ఆవుల గిన్నెలు, నా భార్య పిండే ఆవుల గిన్నెలు పక్కపక్కన చూపించాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే పిడికిలితో పిండుతోంది.

నిజం చెప్పాలంటే ఈ కిట్ నాకు చూపించింది ఆవుల జబ్బు కన్నా మా అలవాట్లను. ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డ, ఆరు పొదుగులు. గౌరి పొదుగు తుడిచిన గుడ్డతోనే లక్ష్మిని తుడిచేవాళ్లం. అంటే జబ్బును మేమే మోసుకెళ్లి అంటించినట్టు. ఇప్పుడు ఆవుకో గుడ్డ, ఏ రోజుకారోజు ఉతికి ఎండలో వేస్తాం. గిన్నె శుభ్రంగా ఉన్న ఆవును ముందు, జిగురు పడినదాన్ని చివర పిండుతాం. పిండాక చన్నులను పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచుతాం. పాలు తీశాక చన్ను కొస రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంటకు పైనే పడుతుంది. ఆ సమయంలో ఆవు పేడలో పడుకుంటే క్రిములకు తలుపు తెరిచిపెట్టినట్టే. అందుకని పచ్చి కసువు పాలు పిండకముందు వేయడం మానేసి, పిండాక వేస్తున్నాం. తింటూ నిలబడుతుంది. పైసా ఖర్చులేని మార్పు ఇది, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిందీ ఇదేనని నా నమ్మకం. మొదటి నెల 24 చన్నుల్లో 7 జిగురు కట్టాయి. ఈ ఏడాదంతా ఒకటి రెండు మించలేదు.

గేదె గిన్నెలు ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు. దాని చన్ను కొస గట్టిగా బిగిసి ఉంటుంది, పిండేవాడికి కష్టం, క్రిమికీ కష్టమే.

ఇక వస్తువు లోపాలు. సూచనల కాగితం మొత్తం ఇంగ్లీషు, అదీ చీమతలకాయంత అక్షరాల్లో. గిన్నెల్లోని గీతలు పైపైన వేసిన రంగువి, ఏడాదికల్లా కడిగీ కడిగీ చెరిగిపోయాయి. మా అమ్మాయి గోళ్ల రంగుతో మళ్లీ గీసింది. రెండో ఏడు ఎండలకు పిడి దగ్గర పగిలింది. ఇప్పుడున్న రెండో పళ్లెంలో గీత ప్లాస్టిక్‌లోనే ఉబ్బెత్తుగా ఉంది. కొనేవాళ్లు అలాంటిదే చూసుకోండి. ఒక షాపులో కొన్న సీసా మూత కారి సగం మందు సంచిలోనే పోయింది, మార్చివ్వమంటే ఇవ్వలేదు.

ఇది చెప్పలేనిది ఒకటుంది: ఏ క్రిమి అన్నది. గౌరి పాలు శుభ్రమైన సీసాలో పట్టి ల్యాబుకు పంపితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అని వచ్చింది. అది పొదుగు కండలోపల చిన్న చిన్న చీముగడ్డలు కట్టుకుని దాక్కుంటుంది, మందు అక్కడిదాకా అందదు. వట్టిపోయినప్పుడు డాక్టరు గారు ట్యూబులు ఎక్కించారు, ఈనాక రెండు నెలలు గిన్నె శుభ్రంగా ఉంది, మళ్లీ జిగురు. కలబంద, పసుపు, సున్నం నూరి పూసే వైద్యాన్ని ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) వాళ్లు చెబుతారు. అదీ చేశాం. వేరే ఆవుకు కొత్తగా వచ్చిన వాపు దాంతో తగ్గింది, గౌరికి తగ్గలేదు. చివరికి ఆ చన్నును ఎండగట్టేశాం. ఇప్పుడు గౌరి మూడు చన్నుల ఆవు. అయినా 10 లీటర్లకు తగ్గదు, వరసలో ఎప్పుడూ చివరిది.

పాల కేంద్రంలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసి డబ్బిస్తారు. కణాల ఊసే లేదు. యూరప్‌లో మిల్లీలీటరుకు 4 లక్షలు, అమెరికాలో ఏడున్నర లక్షలు దాటితే ఒప్పుకోరు. మనకు అలాంటి పట్టింపు లేకపోవడం వల్ల ఈ పరీక్ష చేసినందుకు నాకు ధర ఒక్క రూపాయి పెరగలేదు. పోకుండా మిగిలిన పాలే నా లాభం.

ఒకటి రెండు ఆవులున్నవాళ్లు కిట్ కొనాల్సిన పని కూడా లేదు. అర లీటరు నీళ్లలో ఆరు చెంచాల సర్ఫ్ కలిపి, నాలుగు గిన్నెల్లో సమానంగా పాలు, ఆ నీళ్లు పోసి తిప్పినా జిగురు తెలుస్తుంది. పాకిస్తాన్‌లో ఇలాంటి పరీక్షకు సర్ఫ్ ఫీల్డ్ మాస్టైటిస్ టెస్ట్ అనే పేరే ఉంది. నేను చేసి చూశాను. గట్టిగా ఉన్నవి బాగా తెలుస్తాయి, లేతవాటికి ఊదారంగు తోడు లేక కళ్లు చికిలించాల్సి వస్తుంది. పళ్లెంలో పోసినది ఏదైనా పారబోయాల్సిందే, కుడితిలో కలపకండి.

పోయిన నెల సంతకు ఆవును చూడబోతూ పళ్లెం చంకలో పెట్టుకుని వెళ్లాను. రెండో ఈత, పొదుగు చూస్తే ముచ్చటేసింది. “కొంచెం పాలు చూడనిస్తావా అన్నా?” అంటే, అమ్మేటాయన “చూస్కో, ఏముంటది” అన్నాడు. ఎడమ ముందు చన్ను గిన్నె మందంగా తిరిగింది. చుట్టూ నలుగురు చేరారు. ఆయన మొహం మాడ్చుకుని, నేను ధర తగ్గించడానికి ఏదో పౌడరు వేశానన్నాడు. సరే అని అదే మందు పక్కనే ఉన్న ఆయనదే ఇంకో ఆవు పాలలో పోసి తిప్పాను. నీళ్లలా తిరిగింది. నేను కొనలేదు. బండెక్కుతుంటే ఆయనే వెనకాలే వచ్చి, ఈ పళ్లెం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.