ఎలింగ్టన్ న్యూపోర్ట్ సీడీ కొంటున్నారా? వెనక అట్ట ఫొటో అడగండి

అమెరికన్ జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ 1956 న్యూపోర్ట్ కచేరీ, 1999లో వచ్చిన రెండు సీడీల పూర్తి సంచిక అని రాసి, దాని ముఖచిత్రమే పెట్టి, ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు ఒంటి సీడీ పంపాడు. అందులో ఉన్నవి అయిదే అంశాలు. అంటే పాత ఎల్పీలో ఉన్నదే. వాపసు అడిగితే, ‘కచేరీ అదే, వాయించిన వాళ్లూ వాళ్లే కదా’ అని దబాయించాడు.

అదే ఎలా అవుతుంది? 1956 జూలై 7 రాత్రి అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో జరిగిన న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో, ఎలింగ్టన్ బృందంలోని పాల్ గొన్సాల్వెజ్ తన టెనర్ శాక్సఫోన్ మీద బ్లూస్‌ను వరసగా 27 కోరస్‌లు (బాణీ మొత్తం ఒకసారి తిరిగితే ఒక కోరస్) వాయించి జనాన్ని వెర్రెత్తించాడు. అయితే ఆయన వాయించింది కచేరీని రికార్డు చేస్తున్న కొలంబియా కంపెనీ మైకులో కాదు, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులో. అందుకే పాత రికార్డులో, అంత పేరు మోసిన ఆ సోలోయే దూరంగా, నీరసంగా వినిపిస్తుంది. ఇక ఉత్సవం కోసం ప్రత్యేకంగా రాసిన సూట్‌లో (వరసగా వాయించే కొన్ని భాగాల రచన) చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించినది, చప్పట్లు అతికించినవి!

రేడియో వారి టేపు 1990లలో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది. కొత్త సంచిక నిర్మాత ఫిల్ షాప్ దాన్ని కొలంబియా టేపుతో జతకలిపి, రెండు మోనో (ఒకే చానల్) టేపుల నుంచి స్టీరియో సాధించాడు. 1999 సంచిక గొప్పతనమంతా అదే. గొన్సాల్వెజ్ అందులో ఎదురుగా నిలబడి వాయిస్తాడు.

కాబట్టి ముఖచిత్రాన్ని నమ్మకండి. అట్ట వెనక ఫొటో పంపమని అడగండి. పూర్తి సంచిక అమెరికా జాతీయ గీతంతో మొదలవుతుంది, అంశాల మధ్య పరిచయ వ్యాఖ్యలు ఉంటాయి, స్టూడియోలో వాయించినవి విడిగా రెండో డిస్కు చివర ఉంటాయి. అట్ట మీద ‘స్టీరియో’ అని ఉన్నా పొంగిపోవద్దు. 1960లలో మోనో రికార్డులను కృత్రిమంగా రెండుగా చీల్చి అమ్మడం మామూలే.

పాత ఎల్పీ పనికిరాదని కాదు. ఎలింగ్టన్‌కు మళ్లీ దశ తిప్పింది అదే. తక్కువ ధరకు, పాతదని చెప్పి అమ్మితే నిక్షేపంగా కొనుక్కోండి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశాను కాబట్టి సైటు వాళ్లు ఫిర్యాదు తీసుకున్నారు. డబ్బు మాత్రం ఇంకా రాలేదు.