అండమాన్‌లో ముందు పడవ టికెట్, ఆ తర్వాతే హోటల్

అండమాన్ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని దీవులు చూడొచ్చు?" అని. మా వారు కూడా మ్యాప్ ముందేసుకుని హేవ్‌లాక్, నీల్, రాస్, నార్త్ బే, బారాటాంగ్, వీలైతే డిగ్లీపూర్ అని వరసగా రాసేశారు. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. కానీ ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవ ఎన్నింటికి ఉందో, అందులో సీట్లు దొరుకుతాయో లేదో మ్యాప్ చెప్పదు. అక్కడ పడవను బట్టి రోజు, రోజును బట్టి హోటల్. చాలామంది మంచి ఆఫర్ కనబడిందని ముందు రిసార్ట్ బుక్ చేసేసుకుని, ఆ తేదీకి పడవ దొరక్క టెన్షన్ పడుతుంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో, వరస సెలవులున్నప్పుడు ఇది మరీ ఎక్కువ.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తాను. 2018 చివర్లో హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ని షహీద్ ద్వీప్ అని, రాస్ ఐలాండ్‌ని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఆటో అతను ఒక పేరు చెప్తాడు, టికెట్ మీద ఇంకో పేరుంటుంది. రెండూ గుర్తుంటే చాలు. నేనిక్కడ అందరూ వాడే పాత పేర్లే రాస్తున్నాను.

తక్కువ రోజుల్లో వెళ్ళొచ్చేవాళ్ళకు నా లెక్క ఇది. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, తర్వాత రెండు రాత్రులు హేవ్‌లాక్, రెండు నీల్, తిరిగి ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళే విమానం రెండున్నర గంటల్లో దింపేస్తుంది కాబట్టి అదే రోజు మధ్యాహ్నం పడవ పట్టుకుని హేవ్‌లాక్ వెళ్ళిపోవచ్చని ప్యాకేజీల వాళ్ళు ఊరిస్తారు. విమానం గంట ఆలస్యమైతే పడవ మన కోసం ఆగదు, టికెట్ డబ్బూ తిరిగి రాదు. చివరి రాత్రి సంగతీ అంతే. సముద్రం బాగాలేకపోతే ప్రైవేటు, ప్రభుత్వం అని లేకుండా అన్ని పడవలూ ఆపేస్తారు. నీల్‌లో పొద్దున పడవెక్కి మధ్యాహ్నం విమానం అందుకుందామనే ప్లాన్ పైకి తెలివిగా ఉంటుంది గానీ, పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ సాహసం వద్దు.

పడవలు రెండు రకాలు. మక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటు ఫెర్రీలు హేవ్‌లాక్‌కి పడవను బట్టి గంటన్నర నుంచి రెండు గంటల పైచిలుకులో చేరుస్తాయి. సీటును బట్టి పన్నెండు వందల నుంచి రెండు వేల పైచిలుకు దాకా ఉంటుంది. ఏసీ ఉంటుంది, సీట్లు మెత్తగా ఉంటాయి. అయితే వీటిలో చాలావాటిలో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అద్దాల గదిలోనే కూర్చోవాలి. అద్దం మీద ఉప్పునీటి మరకలు తప్ప సముద్రం పెద్దగా కనబడదు. కెరటం ఎక్కువున్న రోజు ఆ గదిలో ఒకళ్ళకి వాంతి మొదలైతే చుట్టుపక్కల వాళ్ళందరికీ కడుపులో తిప్పేస్తుంది. ఎక్కడానికి అరగంట ముందు వాంతుల మాత్ర వేసుకుని, వెనక వైపు మధ్య వరసల్లో కూర్చుంటే కుదుపు తక్కువ తెలుస్తుంది. సీటు ఎంచుకునేటప్పుడు జనం ముందు వరసలకు ఎగబడతారెందుకో, కెరటం మీద ఎత్తి పడేసేది అక్కడే.

ప్రభుత్వ ఫెర్రీ పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ (పడవల రేవు) నుంచి బయల్దేరుతుంది. రెండున్నర గంటలు పడుతుంది, టికెట్ చాలా తక్కువ. దీవుల్లో ఉండేవాళ్ళకు మొదటి హక్కు, అది న్యాయం కూడా. వాళ్ళకి ఆసుపత్రికి వెళ్ళాలన్నా, కాలేజీకి వెళ్ళాలన్నా అదే బస్సు. అందుకే మనకి టికెట్ దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. దొరికితే మాత్రం వదులుకోవద్దు. పైన డెక్ మీద నిలబడి గాలి పీల్చుకుంటూ వెళ్ళొచ్చు. మేం నీల్ నుంచి తిరిగొచ్చింది దాన్లోనే. కింద కూరగాయల బస్తాలు, పైన బడిపిల్లలు. నీళ్ళలోంచి ఎగిరే చేపలు గుంపుగా లేచి, కెరటం మీదుగా జర్రున పోయి మళ్ళీ మునిగిపోతుంటే మా పాప లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. వెళ్ళేటప్పుడు ప్రైవేటు, వచ్చేటప్పుడు ప్రభుత్వం అని పెట్టుకుంటే రెండూ చూసినట్టవుతుంది.

అక్కడ మనల్ని బాగా ఇబ్బంది పెట్టేది గడియారం. అండమాన్ మనకి తూర్పున అంత దూరంలో ఉన్నా టైము మాత్రం మన టైమే. చలికాలంలో తెల్లవారుజామున అయిదింటికే వెలుగొచ్చేస్తుంది, సాయంత్రం అయిదు దాటిన కాసేపటికే సూర్యుడు మునిగిపోతాడు. భోంచేసి ఓ కునుకు తీసి నాలుగున్నరకి తీరిగ్గా రాధానగర్ బయల్దేరితే చీకట్లో ఇసుక చూసి రావాలి. పొద్దున్నే ఆరింటికి రోడ్డున పడటం, మధ్యాహ్నం మూడింటికల్లా సాయంత్రం చోటికి చేరుకోవడం, ఇదే అక్కడి పద్ధతి.

హేవ్‌లాక్‌లో బీచ్‌లకు నంబర్లుంటాయి. బస ఎక్కువగా మూడో నంబరు, అయిదో నంబరు వైపు. మూడో నంబరు బజారు పక్కన, తిండికి సులువు. అయిదో నంబరు వైపు కొబ్బరిచెట్ల మధ్య కాటేజీలు బావుంటాయి, సూర్యోదయం వాకిట్లోనే. కాకపోతే "బీచ్ ఫ్రంట్" అన్న మాట విని ఎక్కువ డబ్బు పోయకండి. ఆ వైపు ఆటు వేళ నీళ్ళు బాగా లోపలికి పోయి రాళ్ళూ బురదా మిగులుతాయి, స్నానానికి పనికిరాదు. మేం దిగిన చోట గది శుభ్రం, మనుషులు మంచివాళ్ళు, భోజనం ధర మాత్రం గుండె గుభేల్! ఒక పూట తిని, మర్నాటి నుంచి బజారుకి నడిచాం. బజారులో బెంగాలీ చేపల భోజనం కమ్మగా ఉంటుంది, పప్పూ కూరా ఉన్న శాకాహారం భోజనమూ దొరుకుతుంది.

రాధానగర్ బీచ్ జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, పడమటి వైపు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి బీచ్ అన్న దగ్గర్నుంచి దాని పేరు మోగిపోయింది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరుకి తగ్గట్టే ఉంది. వెనక పెద్ద పెద్ద చెట్ల అడవి, ముందు తెల్లటి ఇసుక, గట్టున బజ్జీల బండ్ల హడావిడి లేదు. ఆర్కే బీచ్‌లో పెరిగిన నాకు ఆ నిశ్శబ్దం అలవాటు కావడానికే కాసేపు పట్టింది. ఓ చివరన నీల్స్ కోవ్ ఉంది. 2010లో అక్కడ ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి చంపేసింది. అండమాన్ చుట్టూ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళలో దిగకండి, లైఫ్‌గార్డు విజిలేస్తే వాదించకండి.

ఎలిఫెంట్ బీచ్ మీద మాత్రం నాకు ఫిర్యాదుంది. జెట్టీ నుంచి స్పీడ్ బోటులో ఇరవై నిమిషాలు. టికెట్‌లోనే స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్ళ మీద నుంచి అడుగు చూడటం) ఉచితమంటారు. ఆ ఉచితం ఎలా ఉంటుందంటే, ట్యూబు పట్టుకుని గైడు లాక్కెళ్ళి, నాలుగు చేపలు చూపించి, ఊపిరి సర్దుకునేలోపే వెనక్కి తెచ్చేస్తాడు. "దూరం వెళ్తే మంచి పగడాలున్నాయి మేడమ్, దానికి వేరే ఛార్జి" అంటాడు. ఒడ్డుకొస్తే ఫొటోలకి ఒకటి, జెట్ స్కీకి ఒకటి, గదిలో బట్టలు మార్చుకోవడానికి ఇంకొకటి. మమ్మల్ని తీసుకెళ్ళిన వాళ్ళు ఒక గంట కూడా సరిగ్గా ఉండనివ్వలేదు. అదే డబ్బుకి ఇంకొంత కలిపి, గాలి సిలిండరుతో నీటి అడుగుకి వెళ్ళే స్కూబా డైవింగ్ చేసుకోవడం మేలు. ఈత రాకపోయినా పక్కనే బోధకుడు పట్టుకుని ఒడ్డు నుంచే లోపలికి తీసుకెళ్తాడు. పదేళ్ళు నిండాలి. ఉబ్బసం, గుండె జబ్బు లాంటివి ఉంటే ఫారంలో దాచకూడదు. డైవింగ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు, అందుకే దాన్ని యాత్ర మొదట్లో పెట్టుకోవాలి.

నీల్‌కి ప్యాకేజీల్లో ఒక్క రాత్రి ఇస్తారు, కొందరు పగటిపూట దింపి సాయంత్రం ఎత్తుకుపోతారు. అన్నిటికన్నా నాకు నచ్చిన దీవి అదే కాబట్టి ఈ విషయంలో గట్టిగా చెప్తున్నాను, రెండు రాత్రులుండండి. కారణం ఆటుపోటులు. భరత్‌పూర్ బీచ్‌లో పగడాలు చూడాలన్నా, అద్దాల అడుగు పడవ ఎక్కాలన్నా పోటు ఉండాలి. లక్ష్మణ్‌పూర్ అవతల ఉన్న రాతి వంతెన దగ్గరికి నడవాలంటే ఆటు ఉండాలి. రెంటికీ మధ్య సుమారు ఆరు గంటల తేడా. పైగా ఆ వేళ రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటుంది. ఒక్కరోజు మనిషికి రెండిట్లో ఏదో ఒకటే సరిగ్గా దక్కుతుంది. దిగగానే బస చేసినచోట "రేపు ఆటు ఎన్నింటికి?" అని అడగండి, దాన్నిబట్టి మిగతావి సర్దుకోండి.

రాతి వంతెన దగ్గర గైడు అక్కర్లేదనే మాట విన్నాం గానీ, మా అత్తయ్య ఉన్నారని ఒక కుర్రాడిని పెట్టుకున్నాం. మంచిదైంది. చచ్చిన పగడాల మీద నడవాలి, రంపం పళ్ళలా ఉంటాయి, మధ్యలో పాచి. హవాయి చెప్పులతో వస్తే కాళ్ళు కోసుకుపోతాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులుండాలి. ఆ కుర్రాడు గుంటలో నిలిచిన నీళ్ళ దగ్గర కూర్చుని, నల్లగా వంకాయలా పడున్న దాన్ని వేలితో చూపించాడు. సముద్రపు దోసకాయట. రాయనుకుని దానిమీద కాలేయబోయిన అత్తయ్య గబుక్కున వెనక్కి తగ్గి "అమ్మో, ప్రాణముందా దీనికి!" అన్నారు. పక్క గుంటలో పెద్ద గవ్వలాంటి జీవి నీలం అంచు పెదాలు తెరిచి, మా నీడ పడగానే మూసేసుకుంది. అర కిలోమీటరు నడక ఆవిడకి రెండు గంటలు పట్టింది, ఒక్క విసుగు మాట లేదు.

నీల్‌లో ఇంకేముంది అంటే పెద్దగా ఏమీ లేదు. సైకిల్ మీద చుట్టేయొచ్చు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ బెంగాలీ రైతుల పొలాలు, అరటితోటలు, చిన్న బజారు. సీతాపూర్‌లో సూర్యోదయం, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం. ఏటీఎంని నమ్ముకోకుండా నగదు దగ్గరుంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్‌లో నెట్ బాగుపడింది, చిన్న దీవుల్లో ఇంకా వస్తూ పోతూ ఉంటుంది. టికెట్లు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉంచుకుంటే జెట్టీ దగ్గర అవస్థ ఉండదు.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినబడుతుంటే మొదట్లో తిరిగి తిరిగి చూస్తాం, తర్వాత అలవాటైపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మమ్మల్ని సెల్యులార్ జైలు చూడ్డానికి తీసుకెళ్ళిన ఆటో అతను మా మాటలు విని "ఏ ఊరమ్మా మనది?" అన్నాడు. విశాఖపట్నం నాయనా అన్నారు అత్తయ్య. "మాది సోంపేట దగ్గరమ్మా. మా నాన్న ఇక్కడికి చేపల వేటకొచ్చి ఉండిపోనాడు. నాను ఇక్కడే పుట్టాను" అన్నాడు. మర్నాడు కూడా అతన్నే పిలిచాం. ఆంధ్రా భోజనం ఎక్కడ బావుంటుందో కూడా అతనే చూపించాడు.

సెల్యులార్ జైలుకి సాయంత్రం లైట్ షో కోసం కాకుండా పగలు తీరిగ్గా వెళ్ళండి. 1906లో కట్టడం పూర్తయినప్పుడు మధ్య బురుజు నుంచి చీలిన ఏడు కొమ్మల్లాంటి భవనాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. జైల్లో ఖైదీల కొట్టు తలుపు గొళ్ళెం లోపల్నుంచి చెయ్యి పెట్టినా అందనంత దూరంగా గోడలోకి ఉంటుంది. మా పాప చెయ్యి దూర్చి ప్రయత్నించి ఊరుకుంది.

రాస్ ఐలాండ్ పడవలో పది పదిహేను నిమిషాలు. బ్రిటిష్ వాళ్ళ బంగళాల గోడల్ని చెట్ల వేళ్ళు పట్టేసుకుని ఉంటాయి, మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. బుధవారం మూసేస్తారు, చూసుకోండి. నార్త్ బేతో కలిపి అమ్మే టికెట్ తీసుకుంటే రాస్‌లో హడావిడిగా తిప్పేస్తారు. పాత ఇరవై రూపాయల నోటు మీద ఉన్న దృశ్యం నార్త్ బేదే, దాన్ని నోటు మీద చూస్తే చాలు.

బారాటాంగ్ మేం మానేశాం. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరసలో ఆగి, జారవా అనే ఆదివాసీ తెగ ఉండే అడవి గుండా వెళ్ళాలి. అక్కడ ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. అయినా దారిలో జారవాలు కనబడతారా అని ఆశగా అడిగే యాత్రికులున్నారు. మనుషుల్ని చూడ్డానికి టికెట్ కొన్నట్టుంటుంది నాకది. సున్నపురాయి గుహల కోసమే అయితే, బొర్రా గుహలు చూసినవాళ్ళు ఒక రోజంతా ఖర్చు చెయ్యనక్కర్లేదు. మడ అడవుల మధ్య పడవ ప్రయాణం మాత్రం బావుంటుందని వెళ్ళొచ్చినవాళ్ళు అంటారు.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం. ఎప్పుడు బయల్దేరుతుందో ముందుగా ఖాయంగా తెలియదు కాబట్టి లెక్కపెట్టిన సెలవులున్నవాళ్ళకి కుదరదు. గవ్వలు, పగడాల ముక్కలు ఏరుకోవడం చట్టరీత్యా నేరం, విమానాశ్రయంలో స్కానర్‌లో పట్టేస్తారు. పిల్లల జేబులు ముందే తడిమి చూడండి.

ఏజెంటు ద్వారా వెళ్ళేవాళ్ళు హోటల్ స్టార్ల గురించి తర్వాత మాట్లాడొచ్చు. డబ్బు కట్టేముందు ఏ రోజు ఏ పడవ, ఎన్నింటికి, ఏ తరగతి సీటు, రద్దయితే ఆ రాత్రి బస ఎవరి ఖర్చు అన్నవి రాతపూర్వకంగా అడగండి. "అక్కడికెళ్ళాక మా మనిషి చూసుకుంటాడు" అన్నాడంటే ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళండి.