పొడవైన నియమావళా, కలిసి రాసుకున్న నాలుగు నియమాలా: బడికి ఏది మేలు?

కొత్తగా ప్రధానోపాధ్యాయులైనవారు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు: ఉన్న నియమాలను గట్టిగా అమలు చేయాలా, తగ్గించి అందరితో కలిసి మళ్లీ రాసుకోవాలా?

పాత పద్ధతికీ బలం ఉంది. ఆలస్యమైతే గేటు మూస్తారు, నోటు పుస్తకాలు దిద్దకపోతే మెమో ఇస్తారు. మొహమాటాలకు చోటుండదు. ఉపాధ్యాయుల మధ్య తగాదాలున్న బడిలో చేరితే మొదటి కొన్ని నెలలు ఇదే కాపాడుతుంది. అన్నీ ఎవరి మనస్సాక్షికి వారికి వదిలేయాలని కొందరంటారు. ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులున్న చోట కుదరవచ్చు, అంతకు మించితే వద్దు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే. ప్రధానోపాధ్యాయుడు లేని రోజు ఆ నియమం ఏమవుతుంది? సమావేశాలకు, శిక్షణలకు మనం వెళ్లక తప్పదు. నేను మండల కేంద్రానికి వెళ్లానని తెలిస్తే మా బడి గేటు తెరిచే ఉండేది, మొదటి పీరియడ్ ఆలస్యంగా మొదలయ్యేది. నేనున్న రోజుల్లో మాత్రం పిల్లలు బయట నిలబడేవారు. ఆరా తీస్తే వారిలో ఎక్కువమంది ఒకే బస్సులో వచ్చేవారు. ఆ బస్సు వచ్చేదే ప్రార్థన మొదలయ్యాక. ఇన్నాళ్లూ వాళ్ల పాఠాన్ని మేమే పోగొట్టాం. ఆ మాట ఇప్పటికీ బాధిస్తుంది.

తరువాత కలిసి రాసుకున్న నియమం ఇది: ఆలస్యంగా వచ్చినవారు ఎవరైనా రిజిస్టరులో కారణం రాసి నేరుగా తరగతికి వెళ్లాలి, శనివారం ఆ పుస్తకాన్ని అందరం చూడాలి. అందులో నా పేరూ రెండుసార్లు ఉంది. నేను ఊళ్లో లేని రోజుల పేజీలూ ఇప్పుడు ఖాళీగా ఉండడం లేదు. దీనికి మూడు స్టాఫ్ మీటింగులు పట్టాయి, సీనియర్లు కొందరు విసుక్కున్నారు. అయినా నేను దీనివైపే.

అన్నీ చర్చకు పెట్టకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. అందరూ ఒప్పుకున్నా బెత్తం తిరిగి రాకూడదు. మిగిలినవి మార్చేటప్పుడు పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టండి. 21వ సెక్షన్ ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. ఆ బస్సు వేళ మా స్టాఫ్ మీటింగులో ఎవరికీ తెలియదు. కమిటీకి వచ్చిన ఒక తల్లి చెప్పింది.