ఐఎస్ఓ పెంచాలా, కెమెరా ఆనించాలా?

బెలుం గుహలకో, లేపాక్షికో వెళ్లొచ్చినవాళ్లు ఫోటోలు చూపించి అడిగేది ఒకటే: "అన్నా, అన్నీ షేక్ వచ్చినాయి. స్టాండ్ లోపలికి తీసుకుపోయే వీల్లేకపాయె. ఐఎస్ఓ పెంచేసుంటే సరిపోయేదా? లేకుంటే దేనికన్నా ఆనించి తీయాల్సిందా?" ఈ మధ్య ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది కాబట్టి నేను ఎక్కడ ఏది చేస్తానో ఒకచోట రాసి పెడుతున్నా. ఐఎస్ఓ (పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలి), షట్టర్ (వెలుతురు ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్స్ కంత ఎంత తెరుచుకోవాలి) సంగతులు మీకు తెలుసనే అనుకుంటున్నా.

ముందు తేల్చుకోవాల్సింది, ఆ ఫోటోలో కదిలిందెవరు అని. చెదిరిన ఫోటో ఒకటి కంప్యూటర్లో పెద్దది చేసి చూడండి. స్తంభం, నేల, మనిషి అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే కదిలింది మీ చెయ్యి. వెనక గోడ మీద చెక్కడం స్పష్టంగా ఉండి మనిషి మొహం మాత్రం అలుక్కుపోయి ఉంటే కదిలింది ఆ మనిషి. చెయ్యి కదిలితే రెండు ఉపాయాలూ పనికొస్తాయి. మనిషి కదిలితే మాత్రం ఆనించడం దండగ. కెమెరాని బండకి కట్టేసినా పెళ్లికూతురు తల తిప్పకుండా ఉండదు కదా. లెన్స్ మీద వీఆర్ అనో ఐఎస్ అనో రాసి ఉంటే ధైర్యపడతారు కానీ, అది ఆపేది కూడా మీ చేతి వణుకునే. ఎదుటివాళ్ల కదలికని ఆపగలిగేది షట్టర్ వేగం ఒక్కటే. ఫ్లాష్ లేని చీకట్లో ఆ వేగం కావాలంటే, అపర్చర్ మొత్తం తెరిచాక మిగిలేది ఐఎస్ఓనే.

అందుకే ఎవరైనా ఒక్క మాటలో చెప్పమంటే ఐఎస్ఓ పెంచమనే అంటాను. ఆనించి తీయడం నాకూ ఇష్టమే, ఎక్కడ అనేది కింద చెప్తా. కానీ మన ఫోటోల్లో ఎక్కువ భాగం మనుషులే ఉంటారు.

బెలుంనే తీసుకోండి. గుహ 3,229 మీటర్ల పొడవుంటే, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనం తిరగొచ్చు. లైట్లున్నాయి కానీ చాలవు. మామూలు 18-55 కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి, ఎఫ్/3.5 తెరిచి, ఐఎస్ఓ 400లో ఉంచితే షట్టర్ సెకనులో మూడో వంతు వచ్చిందనుకుందాం. 800కి ఆరో వంతు, 1600కి పన్నెండో వంతు, 3200కి 1/25, 6400కి 1/50. చిన్న సెన్సార్ కెమెరాకి లెన్స్ నంబరుని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 27 వస్తుంది. చేత్తో తీసేటప్పుడు షట్టర్ సెకనులో అన్నో వంతు కంటే నెమ్మది కాకూడదన్నది లెక్క కాబట్టి 1/30 అయినా ఉండాలి. అంటే 3200కి, 6400కి మధ్య ఎక్కడో మీ పని అయిపోతుంది. నిలబడి ఉన్న మనిషికి ఇది చాలు. కోటిలింగాల దగ్గర పరుగులు పెట్టే పిల్లలకి చాలదు. వాళ్లకి 1/125 పైన కావాలి, అంటే ఇంకో స్టాప్ (ఒక స్టాప్ అంటే రెట్టింపు) పైనే పెంచాలి. పెంచండి, ఏం కాదు.

ఇక అదే బెలుంలో ఆనించి తీద్దామని చాలామంది ఇనుప రెయిలింగ్ మీద కెమెరా పెడతారు. పెట్టే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి చూడండి. మెట్ల మీద నలుగురు దిగుతుంటే ఆ అదురు సన్నగా చేతికి తెలుస్తూనే ఉంటుంది. అలాంటి రెయిలింగ్ మీద అర సెకను ఎక్స్‌పోజర్ పెట్టడం కంటే ఉత్త చేత్తో తీయడమే నయం. గోడని నమ్మొచ్చు, నేలని నమ్మొచ్చు, జనం నడిచే ఇనుముని నమ్మకూడదు. ఇంకోటి, లోపల ఉక్క. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి పోతే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఆ మసకని షేక్ అనుకుని ఐఎస్ఓ పెంచుకుంటూ పోయి లాభం లేదు. కాసేపు ఆగి, అద్దం తేరుకున్నాక తీయండి.

ఐఎస్ఓ అనగానే "గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుందేమో" అని వెనకాడేవాళ్లకి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు గొడవంతా ఈ భయంలోనే ఉంది. గ్రెయిన్‌కి భయపడి 800 దాటకుండా తీస్తారు. ఫోటో చీకటిగా వస్తుంది. ఇంటికొచ్చాక కంప్యూటర్లో వెలుగు పెంచుతారు. అప్పుడు నీడల్లోంచి పచ్చా ఊదా మచ్చలు లేచి, 3200లో సరైన వెలుగుతో తీసినదాని కంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది. గ్రెయిన్‌కి అసలు కారణం సెన్సార్ మీద పడిన వెలుతురు తక్కువ కావడం. ఐఎస్ఓ నంబరు తగ్గించినంత మాత్రాన ఆ వెలుతురు పెరగదు. షట్టర్ వేగం తగ్గించగలిగినంత తగ్గించి, అపర్చర్ తెరవగలిగినంత తెరిచాక, ఇక ఐఎస్ఓ దగ్గర పిసినారితనం వద్దు. ఫోటో ఇంకాస్త వెలుగ్గా వచ్చినా పర్వాలేదు, దీపాల చుట్టూ తెల్లగా మాడిపోకుండా ఉంటే చాలు.

రా ఫైల్‌లో (జేపెగ్‌గా కుదించని అసలు ఫైల్) తీస్తే ఇప్పటి డీనాయిస్ సాఫ్ట్‌వేర్లు 6400 గ్రెయిన్‌ని చాలావరకు తుడిచేస్తున్నాయి. లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఆ సౌకర్యం ఉంది, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ డీనాయిస్ ఉంది. అసలు సాఫ్ట్‌వేరే అక్కర్లేదు, ఆ ఫోటోని వాట్సాప్‌లో పంపండి, గ్రెయిన్ ఎవరి కంటా పడదు. షేక్ అయిన మొహం మాత్రం ఎంత చిన్నది చేసినా ఏదో తేడాగానే కనిపిస్తుంది.

ఒంటిమిట్ట సీతారామ కల్యాణం రాత్రిపూట జరుగుతుంది. వేదిక మీద లైట్ల జోరు ఉంటుంది కానీ, మనం చూడాలనుకునే మొహాలు కింద జనంలో, సగం నీడలో ఉంటాయి. అక్కడ స్తంభం వెతుక్కుంటూ పోతే తలంబ్రాల ఘట్టం అయిపోతుంది. దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం ఇంకా కష్టం. కాగడాల వెలుతురు, గాల్లో తిరిగే కర్రలు. అక్కడ 1/250కి తక్కువైతే కర్ర కనిపించదు, గీత కనిపిస్తుంది. ఎఫ్/1.8 లెన్స్, ఐఎస్ఓ 6400, కాగడా దగ్గరున్న మొహం మీద ఫోకస్, అంతే. ఆ తోపులాటలో గోడకి ఆనుకుని నిలబడి ఊపిరి బిగబట్టే తీరిక ఎవరికి ఉంటుంది? (ప్రతి ఏడూ తలలు పగులుతుంటాయి అక్కడ. దూరంగా ఎత్తు మీద ఉండి తీయండి.)

ఆనించడంలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్తంభం ఎక్కడుంటే అక్కడి నుంచే ఫోటో తీయాలి. రెండడుగులు పక్కకి జరిగితే శిల్పం మీద వెలుగు అందంగా పడుతుందని తెలుస్తూనే ఉంటుంది, అక్కడ ఆనించడానికి ఏమీ ఉండదు. షేక్ లేని ఫోటో కోసం చూసే చోటునే వదులుకుంటాం.

మరి ఆనించడమే మేలైన చోటు ఎక్కడ? లేపాక్షి. వీరభద్రస్వామి గుడి మండపాల పైకప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రాలున్నాయి. అవి కదలవు. వాటిలో చూడాల్సింది సన్నటి గీత, పార్వతీ కల్యాణంలో ఆడవాళ్ల చీరల అంచులు, ఎర్రరంగు పెచ్చులూడిన చోట పగుళ్లు. 6400లో తీసి గ్రెయిన్ తుడిచేస్తే, దాంతోపాటు ఆ సన్నగీతల్లో సగం కొట్టుకుపోతాయి. ఇక్కడ ఐఎస్ఓ 200 దాటనివ్వను. గుడి పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి. కానీ పైకప్పుకి ట్రైపాడ్ దేనికి, నేల ఉందిగా! తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి బండ మీద పరిచి, లెన్స్ ఆకాశం వైపు ఉండేలా కెమెరాని వెల్లకిలా పడుకోబెట్టండి. సెల్ఫ్ టైమర్ నొక్కి, మీ తల ఫ్రేములోకి రాకుండా పక్కకి జరగండి. పావు సెకనో అర సెకనో పట్టనివ్వండి, కెమెరా మిల్లీమీటరు కూడా కదలదు. బొమ్మ వంకరగా వస్తే గుడ్డ మడత ఒకవైపు సర్ది మళ్లీ తీయండి. వచ్చేపోయేవాళ్ల కాలు తగలకుండా పక్కన ఒక మనిషి ఉండాలి. ఫ్లాష్ ఊసే వద్దు.

స్తంభానికి ఆనించేటప్పుడు చాలామంది తమ భుజం ఆనించి, చేతులు మాత్రం గాల్లోనే ఉంచుతారు. ఒంటి ఊగు తగ్గుతుంది, చేతి వణుకు అలాగే ఉంటుంది. కెమెరానే ఆనించాలి. దాని ఎడమ పక్కని రాతికి చేర్చి, మధ్యలో గుడ్డ పెట్టి, ఎడమ అరచేత్తో అదిమి పట్టి, ఊపిరి వదులుతూ నొక్కాలి. అదీ చెక్కడాల్లేని చదును రాయి అయితేనే. శిల్పం మొహానికి కెమెరా రుద్దేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గండికోటలో పొద్దున్నే పెన్నా లోయ తీయాలన్నా ఆనించడమే. అంచున గాలికి తేలికపాటి ట్రైపాడ్లు ఎలాగూ ఊగుతాయి. బండ మీద కొర్రల సంచి పెట్టి, దానిలోకి కెమెరాని కూరుకోండి. చిన్న గింజ కాబట్టి కెమెరా అడుగుకి తగ్గట్టు సర్దుకుంటుంది.

మిగతావి: కెమెరా అడుగున బిగించిన బోల్టుకి తాడు కట్టి కాలితో తొక్కి పట్టే ఉపాయం పనిచేస్తుంది, ఒక స్టాప్ లాభం ఉండొచ్చు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) కూడా అంతే, పైగా గేటు దగ్గర దాన్నీ స్టాండ్ కిందే లెక్కేస్తారు. ఫోన్ నైట్ మోడ్‌లో రెండు మూడు సెకన్లు కదలకుండా పట్టుకోవాలి కాబట్టి దాన్నీ ఆనించే తీయండి, మనుషులుంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. డబ్బులుంటే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కొనుక్కోండి. కిట్ లెన్స్‌ని 50 దగ్గర పెడితే 6400 కావాల్సిన చోట అది 800 లోపే తెమలుస్తుంది.

మనుషులున్న చోటికి వెళ్లేటప్పుడు నా కెమెరా సెట్టింగు ఇదీ: ఆటో ఐఎస్ఓ, పైహద్దు 6400, షట్టర్ 1/125కి తగ్గకుండా. వరసగా నాలుగైదు కొడతాను. మొదటిదానిలో వేలు నొక్కిన కుదుపు ఉంటుంది, మధ్యలోవాటిలో ఒకటి దొరుకుతుంది.