సరళరేఖ సమీకరణం: ఏ రూపంతో మొదలుపెడితే మేలు?

సరళరేఖ సమీకరణం కనుక్కోమనగానే ఇంటర్ పిల్లల్లో చాలామంది వై = ఎంఎక్స్ + సి రాసేస్తారు (ఎం అంటే వాలు, సి అంటే ఎక్స్ సున్నా అయినప్పుడు వై విలువ). నోటికి వచ్చిన సూత్రం అదే మరి. నా మాట వింటే, లెక్క చేసేటప్పుడు వాలు-బిందు రూపం పట్టుకోండి: రేఖ మీది బిందువు (ఎక్స్1, వై1) అయితే వై − వై1 = ఎం(ఎక్స్ − ఎక్స్1).

(3, 2), (7, 5) బిందువుల గుండా పోయే రేఖ చూద్దాం. వాలు (5 − 2)/(7 − 3), అంటే 3/4. ఎంఎక్స్ + సి దారిలో వెళ్తే 2 = 9/4 + సి అని రాసి, సి = −1/4 అని తేల్చి, దాన్ని మళ్లీ సూత్రంలో పెట్టాలి. గుర్తులు తారుమారయ్యేది సరిగ్గా ఇక్కడే. వాలు-బిందు రూపంలో అయితే వై − 2 = (3/4)(ఎక్స్ − 3). రెండు వైపులా 4తో గుణిస్తే 4వై − 8 = 3ఎక్స్ − 9. అంతా ఒక పక్కకు తెస్తే 3ఎక్స్ − 4వై − 1 = 0. సి జోలికి వెళ్లే పనే లేదు. వాడని రెండో బిందువును ఇందులో పెట్టి చూడండి: 21 − 20 − 1 = 0. పరీక్షలో ఈ ఒక్క లైను రాసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

రెండు బిందువుల రూపాన్ని విడిగా బట్టీ పట్టక్కర్లేదు. వాలు ఉండే చోట దాని సూత్రం పెడితే వచ్చేది అదే. కానీ నిలువు రేఖ దగ్గర ఈ రెండు బిందువుల రూపం గొప్పతనం తెలుస్తుంది. (4, 1), (4, 6) ఇస్తే హారం సున్నా, వాలు నిర్వచితం కాదు. భాగహారం లేకుండా (వై − 1)(4 − 4) = (6 − 1)(ఎక్స్ − 4) అని రాయండి. ఎడమ పక్క సున్నా అయిపోయి ఎక్స్ = 4 వచ్చేస్తుంది.

ఎంఎక్స్ + సి ఎప్పుడు మేలంటే, సి ముందే చేతిలో ఉన్నప్పుడు. సెల్సియస్ 0 దగ్గర ఫారెన్‌హీట్ 32, 100 దగ్గర 212. వాలు 180/100, అంటే 9/5. ఇక ఎఫ్ = (9/5)సి + 32 అని నేరుగా రాసేయొచ్చు (ఇక్కడ సి అంటే సెల్సియస్).

అంతరఖండ రూపం, ఎక్స్/ఎ + వై/బి = 1, అంతరఖండాల మాట వచ్చిన లెక్కలకే (రేఖ ఎక్స్ అక్షాన్ని ఎ దగ్గర, వై అక్షాన్ని బి దగ్గర కోస్తుంది; ఆ ఎ, బి లే అంతరఖండాలు). సున్నా కాని సమాన అంతరఖండాలు చేస్తూ (3, 4) గుండా పోయే రేఖ అంటే ఎక్స్ + వై = 7 అని క్షణంలో తేలుతుంది. మూలబిందువు గుండా పోయే రేఖకు, అక్షాలకు సమాంతరంగా ఉండే రేఖలకు మాత్రం ఈ రూపం పనికిరాదు.