మూడేళ్లు వాడాక శంఖుపుష్పం రంగు

మూడేళ్లుగా నా వంటగదిలో నీలం అంటే శంఖుపుష్పమే. ఎరుపుకు బీట్‌రూట్ ఉంది, ఆకుపచ్చకు పాలకూర ఉంది. తినదగిన నీలం మాత్రం మొక్కల్లో అరుదు. అందుకే వేడినీళ్లలో పది ఎండు పూలు వేయగానే సిరాలా రంగు దిగుతుంటే నాకు ఇప్పటికీ మొదటిరోజు సంబరమే.

మొదటి ఏడాది దీన్ని అడిగినవాళ్ల దగ్గరా అడగనివాళ్ల దగ్గరా పొగిడాను. బీట్‌రూట్‌లా పొయ్యి మీద గోధుమరంగుకు తిరగదని చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ వేడికి ఆగినంతగా ఇది వెలుతురుకు ఆగదు. పాకంలో కలిపి కిటికీ పక్కన పెట్టిన గాజుసీసా నెల తిరిగేసరికి వెలిసిన చొక్కా రంగుకు వచ్చింది. ఇప్పుడు ఎండు పూలనే చీకట్లో దాచి, కావలసిన పూట నానబెడుతున్నాను.

ఇక పాప పుట్టినరోజు కేకు సంగతి. పొరల మధ్య నిమ్మ పాకం పోసి, పైన నీలం కలిపిన క్రీము పూశాను. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు మబ్బులేని ఆకాశంలా ఉంది. పొద్దున తలుపు తీస్తే అడుగు అంచు చుట్టూ వంకాయరంగు చారలు, ఒకచోట గులాబీ మరక. పాకం ఊరి క్రీముకు తగిలింది. ఈ పువ్వుకు నీలం ఇచ్చే ఆంథోసయానిన్లు అనే రంగు పదార్థాలు పులుపు తగిలితే ఊదాకు, పులుపు ఇంకా పెరిగితే గులాబీకి మారతాయి. గ్లాసులో నిమ్మకాయ పిండి, ఆ మార్పు చూపించి పిల్లలను ఎన్నిసార్లో మురిపించాను. అయినా కేకు దగ్గర గుర్తు రాలేదు. మిగిలిన నీలం క్రీము మళ్లీ పూస్తే గంటలో అదీ మారింది. చివరికి కొంచెం క్రీములో కావాలనే నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి, అడుగంతా ఊదాగా పూశాను. పాపకు ఎంతో నచ్చింది. నా మనసు మాత్రం ఆ రాత్రి చూసిన నీలం మీదే ఉండిపోయింది.

రంగును పిండిలోనే కలిపి చూశాను. పచ్చసొన పసుపు, వంటసోడా క్షారం కలిసి దాన్ని పాచి రంగుకు లాగేశాయి. వెన్నలోనూ కలవదు, ఇది నీటిలో కరిగే రంగు మరి. పొడి కన్నా పూలు మేలు, పొడి వేస్తే క్రీములో నలుసులు కనిపిస్తాయి. పూలకున్న ఆకుపచ్చ తొడిమలు తీసేస్తే పచ్చిగడ్డి వాసన తగ్గుతుంది.

పాలు, ఐస్‌క్రీము, పులుపు లేని పానీయాల్లో దీనికి సాటి నాకు దొరకలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2021లో ఈ పూల సారాన్ని కొన్ని పానీయాలకు, ఐస్‌క్రీములకు, మిఠాయిలకు రంగుగా అనుమతించింది. నేను వండేది నలుగురికి, అదీ ఆ పూటకే. వారం రోజులు అల్మరాలో ఉండే సరుకు చేసేవారికి ఇదే మాట చెప్పలేను. నిమ్మ పాకం పోసే కేకు మీద మాత్రం మళ్లీ నీలం పూయను.